నూట నలభై మూడో పేరు తర్వాత

“చంపాలనుంటే రాజీనామా పడేసి వెళ్ళి చంపుకో. ఉద్యోగంలో ఉండి చేస్తానంటావా, నేను చెప్పినట్టు చెయ్యి,” అంది ష్టోల్ మేడం.

కాస్పర్ రీగర్ ఆమె బల్ల మీదికి తోసిన ఫొటో వంకే చూస్తున్నాడు. అందులో యాభై ఏళ్ళ మనిషి. నెరిసిన కణతలు, ఖరీదైన కోటు, పెళ్ళి పందిట్లో అతిథులకి ఎదురొచ్చేవాడి నవ్వు. పేరు మార్సెల్ దుకాస్. ప్రస్తుతం వాడుతున్న పాస్‌పోర్టులో ఉన్న పేరు అది.

మూడేళ్ళుగా కాస్పర్‌ని నిద్రపోనివ్వని మొహం అదే.

స్టుట్‌గార్ట్‌లో పళ్ళ డాక్టరు బోర్డు వెనక ఉన్న ఆ మూడు గదుల ఆఫీసుకి బయట పేరు లేదు. లోపలివాళ్ళు ‘శాఖ’ అంటారు. మంగళవారం ఉదయం ఎనిమిదింటికి బ్రీఫింగ్ మొదలైంది. ష్టోల్ మేడం ముప్ఫై ఏళ్ళుగా ఇదే కుర్చీలో కూర్చుని మనుషుల్ని పంపుతోంది, తిరిగొచ్చిన వాళ్ళకి కాఫీ పోస్తోంది, రానివాళ్ళ ఫైళ్ళు తనే స్వయంగా సర్దుతోంది.

“హోల్జింగెన్‌లో ఎబ్నర్ కంపెనీ,” అంది. “నూట నలభై మూడు మంది పనివాళ్ళు. గేటుకి సరైన బోర్డు కూడా లేదు. చిటికెన వేలి గోరంత బేరింగులు చేస్తారు. అవి లేకపోతే ఉపగ్రహం తిరగదు, జలాంతర్గామికి దారి తెలీదు. అంత నిశ్శబ్దంగా తిరిగేవి ఇంకెవరికీ చేతకావు.”

“ముసలాయన అమ్మేస్తున్నాడా?”

“డెబ్భై ఎనిమిదేళ్ళు. పిల్లల్లేరు. ఈ కొండల చుట్టూ ఇలాంటి కంపెనీలు బోలెడు. వారసుడు లేడని తెలియగానే పెట్టుబడుల ఫండ్లు గుమ్మం ముందు వాలిపోతాయి. దుకాస్ ఫండు పేరు సిల్వెస్టా, అడ్రసు బ్రసెల్స్. యూరప్ లోపలి డబ్బు కాబట్టి ప్రభుత్వం పెద్దగా తిరగేసి చూడదు. అది బయటి ప్రభుత్వం డబ్బని తేలిందా, ఆ నిమిషమే అమ్మకం ఆగిపోతుంది.”

“తేలాలంటే కాగితం కావాలి.”

“అవును. యోఖెన్ వెతికిన కాగితం.”

కాస్పర్ ఫొటోని బోర్లా తిప్పాడు.

యోఖెన్ కాస్పర్‌కి పని నేర్పిన మనిషి. పన్నెండేళ్ళు జంటగా తిరిగారు. యోఖెన్‌కి తన ఊరి జర్మన్ యాస తప్ప మరో భాష ముక్క రాదు. ఎక్కడికెళ్ళినా కాస్పరే చెవిలో చెబుతుండాలి. “నా చెవులు నీ దగ్గర తాకట్టు పెట్టానురా, జాగ్రత్త,” అని నవ్వేవాడు. మూడేళ్ళ కిందట ఒక మార్చి మధ్యాహ్నం, కాస్పర్ జ్వరంతో మంచం పట్టి ఉండగా, యోఖెన్ ఒంటరిగా ఒక చిన్న రైల్వే స్టేషనుకి వెళ్ళాడు. దుకాస్ వెనక ఉన్న అసలు యజమాని ఎవరో చెప్పే ట్రస్టు ఒప్పందం అక్కడ చేతికందుతుందని కబురొచ్చింది. ప్లాట్‌ఫాం మీద అతని వెనక ఇద్దరు నిలబడి ఫ్రెంచిలో మాట్లాడుకున్నారని తర్వాత ఒక ముసలామె చెప్పింది. ఏం మాట్లాడుకున్నారో ఆమెకి తెలియలేదు, యోఖెన్‌కీ తెలిసుండదు. ఆగకుండా వెళ్ళిపోయే ఎక్స్‌ప్రెస్ వస్తున్నప్పుడు అతను పట్టాల మీద పడ్డాడు. ప్రమాదమని రాసి ఫైలు మూసేశారు.

జ్వరంతోనే వెళ్ళి శవాన్ని గుర్తుపట్టిన కాస్పర్ చేతికి స్టేషన్ మాస్టరు ఒక కాగితం సంచి ఇచ్చాడు. అందులో రెండు బ్రెజెల్లు ఉన్నాయి, ముడి వేసి కాల్చిన ఉప్పు రొట్టెలు. రెండోది ఎవరికోసం కొన్నాడో కాస్పర్‌కి తెలుసు. ఆ సంచి సంగతి రిపోర్టులో రాయలేదు. రాయబుద్ధి కాలేదు. అప్పటినుంచి బ్రెజెల్ నోట పెట్టలేదు.

“శుక్రవారం పదింటికి నోటరీ హేగెలె ఆఫీసులో సంతకాలు,” అంది ష్టోల్ మేడం. “సంతకం పడిన అరగంటలో డ్రాయింగులన్నీ వాళ్ళ చేతికి పోతాయి. ఆ తర్వాత కోర్టులో గెలిచినా లాభం లేదు. మన మనిషి ఒకరు లోపలున్నారు. దుకాస్ లాయరు, ఇలోనా.”

“యోఖెన్‌ని ఆ స్టేషనుకి రమ్మన్నది ఆవిడే.”

“రమ్మంది. తను రాలేకపోయింది. వచ్చుంటే తనూ చచ్చేది.”

“అని ఆవిడే చెప్పింది.”

“చెప్పింది, నేను నమ్మాను. నీకు నమ్మకం లేకపోతే సాక్ష్యం పట్రా. అంతవరకూ నోరు మూసుకో.” కాఫీ కప్పు పక్కకి జరిపింది. “ట్రస్టు ఒప్పందం అసలు ప్రతి ఆవిడ దగ్గరుంది. దాన్ని అమ్మకం పత్రంలో తొమ్మిదో అనుబంధంగా పెడతానంది. హేగెలె సంగతి తెలుసుగా?”

“కామాలు కూడా చదువుతాడంటారు.”

కోర్టు గుమ్మం దగ్గర స్టాంపు గుద్ది పంపే నోటరీ కాదు ఇక్కడి నోటరీ. కంపెనీ చేతులు మారాలంటే అమ్మేవాడు, కొనేవాడు ఎదురుగా కూర్చోవాలి. పత్రంలో ప్రతి మాటా ఆయన పైకి చదవాలి. వినకుండా ఎవరు లేచి వెళ్ళినా చదువు ఆగిపోతుంది. చదవని పత్రం చెల్లదు. బయటి దేశాల కోటీశ్వరులు దీన్ని చూసి తలలు పట్టుకుంటారు గాని హేగెలె ముందు ఎవరి పప్పులూ ఉడకవు.

“కట్టలో ఏ కాగితం ఉంటే అది చదువుతాడు,” అంది ష్టోల్ మేడం. “ముసలాయన చెవిన పడుతుంది, అమ్మకం ఆగుతుంది. దుకాస్‌కి జర్మన్ రాదట. ప్రమాణం చేసిన అనువాదకుడు పక్కన కూర్చోవాలి. అది నువ్వు.”

డ్రాయరు తీసి రెండు వస్తువులు ముందు పెట్టింది. కీలులో కెమెరా ఉన్న కళ్ళజోడు ఒకటి, ట్రాన్స్‌మిటర్ ఉన్న పెన్ను ఒకటి.

“కోడ్ వర్డ్ ‘గ్యాసు లేని నీళ్ళు’. అది వినపడగానే బయట ఆపిన లాండ్రీ వ్యానులోంచి మేం దిగుతాం.”

“గ్యాసు లేని నీళ్ళా? ఈ రాష్ట్రంలో అందరూ సోడా నీళ్ళే కదా మేడం, అవెవడు తాగుతాడు?”

“అందుకే. పొరపాటున కూడా ఎవడూ అడగడు.” ఆమె గొంతు తగ్గించింది. “కాస్పర్, అమ్మకం ఆగితే చాలు. దుకాస్‌ని వేలితో కూడా తాకొద్దు. ఇది ఆర్డరు.”

“ఆగితే చాలు,” అన్నాడు కాస్పర్. అతనికి చాలదు.

* * *

బుధవారం మధ్యాహ్నం నది ఒడ్డు కేఫ్‌లో ఇలోనా అతని కోసం కాచుకుని ఉంది. బూడిద రంగు కోటు, ఎర్రటి గ్లవ్స్. చుట్టుపక్కల బల్లల దగ్గర మగవాళ్ళు పేపరు తలకిందులుగా పట్టుకున్నా తెలియనంత అందం.

“ఆ కళ్ళజోడు మీకు నప్పలేదు, రీగర్ గారూ,” అంది. “లెక్కల మాస్టారిలా ఉన్నారు.”

“అనువాదకుడు అలాగే ఉండాలి. కాగితం చూపించండి.”

“అంత తొందరా? మూడేళ్ళ తర్వాత కలిశాం, ఒక మంచి మాట లేదు.”

“చూశాక అంటాను.”

నవ్వుతూనే హ్యాండ్‌బ్యాగు లోపలి గుడ్డ జిప్పు తీసి రెండు కాగితాలు అతని ముందు పెట్టింది. “ఒక్క నిమిషం. ఇది నా ప్రాణం. దుకాస్ నన్ను నమ్మి దాచమన్నది ఇదొక్కటే.”

కాస్పర్ కళ్ళజోడు సరిచేసుకుంటున్నట్టు కీలు రెండుసార్లు నొక్కాడు. కాగితంలో అంతా ఉంది. సిల్వెస్టా వాటాలు దుకాస్‌వి కావు. ఫలానా దేశపు ఫలానా గూఢచారి విభాగం తరఫున అతను కాపలా కాస్తున్నాడంతే. కింద అతని సంతకం, సాక్షి సంతకం.

“తొమ్మిదో అనుబంధం,” అంది ఇలోనా, కాగితాలు మళ్ళీ లోపల పెట్టేస్తూ. “శుక్రవారం మధ్యాహ్నానికల్లా పని అయిపోతుంది. యోఖెన్ ఆత్మ శాంతిస్తుంది. పాపం, ఇప్పటికీ కళ్ళలో మెదులుతాడు. రెండు బ్రెజెల్లు కొనుక్కుని, ఆ చలిలో…”

కాఫీ కప్పు అందుకుంది. కాస్పర్ చెంచాతో చక్కెర కలుపుతూనే ఉన్నాడు. కప్పులో చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

రెండు బ్రెజెల్ల సంగతి రిపోర్టులో లేదు. స్టేషన్ మాస్టరుకీ, కాస్పర్‌కీ తప్ప తెలిసింది ఇంకెవరికి? ఆ ప్లాట్‌ఫాం మీద ఉన్నవాళ్ళకి.

“మంచి మనిషి,” అన్నాడు. గొంతు మామూలుగానే వచ్చింది. అక్కడికక్కడే ఆ ఎర్ర గ్లవ్స్‌తోనే ఆమె గొంతు నులిమేయాలనిపించింది. బిల్లు చెల్లించి బయటికొచ్చి, వంతెన మీద నిలబడి పది నిమిషాలు నీళ్ళు చూశాడు.

ఆవిడ ఆట ఇప్పుడు అర్థమైంది. కాగితం తొమ్మిదో అనుబంధంలోకి వెళ్ళదు. దుకాస్ డబ్బిస్తాడు, శాఖ కాపాడుతుంది. ఆవిడకి రెండూ కావాలి. సంతకాలయ్యాక “కుదర్లేదు, అనుమానపడ్డాడు” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. శాఖ మనుషుల్ని కలుస్తున్న సంగతి దుకాస్‌కి చెబితే తన పీకకే చుట్టుకుంటుంది కనుక, అనువాదకుడు ఎవరో అతనికి చెప్పదు.

కాస్పర్ ష్టోల్ మేడంకి ఈ సంగతి చెప్పలేదు. చెబితే మరో పద్ధతిలో అమ్మకం ఆపిస్తుంది. దుకాస్ రైలెక్కి వెళ్ళిపోతాడు. ఆవిడా వెళ్ళిపోతుంది. ఇంకో ఊళ్ళో ఇంకో ముసలాయన దొరుకుతాడు.

* * *

గురువారం పదకొండున్నరకి నోటరీ ఆఫీసు గుమాస్తా లీజలోటె, కట్ట మొత్తం అతని ముందు పెట్టింది. అనువాదకులు ముందురోజు వచ్చి కష్టమైన మాటలు చూసుకోవడం మామూలే. ఆమెకి అరవై దాటాయి. పక్కనే అంకెల స్టాంపు, సిరాదిండు పెళ్ళికూతురి సామానంత పొందికగా పెట్టుకుంది.

“ఇంకా పేజీల నంబర్లు గుద్దలేదు,” అంది. “తారుమారు చేశారంటే మర్యాద దక్కదు.”

తొమ్మిదో అనుబంధం తిరగేశాడు. మిషన్ల విడిభాగాల జాబితా. అతను ఆశ్చర్యపోలేదు.

“ఈ పన్నెండోది ఏమిటండీ, అన్నీ పేర్లు?”

“మా ఎబ్నర్ గారి పంతం. పనివాళ్ళందరి పేర్లూ పత్రంలో ఉండాలట, పైకి చదవాలట. అయిదేళ్ళు ఎవర్నీ తీసెయ్యకూడదని షరతు. ఆ ఫండు లాయరమ్మ మిగతా పదకొండూ భూతద్దం పెట్టి చూసింది. ఈ పేర్లను మాత్రం చేత్తో ముట్టలేదు. టర్నరు, ఫిట్టరు, వంటమనిషి… ఎవడు చూస్తాడు?”

గోడ గడియారం పన్నెండు కొట్టింది. లీజలోటె చేస్తున్న పని ఉన్నపళంగా వదిలేసి లేచింది. ఈ ఊళ్ళో ఇల్లు తగలబడుతున్నా పన్నెండింటికి ముందు భోంచేస్తారు, తర్వాత ఆర్పుతారు.

ఆమె తిరిగొచ్చేసరికి కాస్పర్ అదే కుర్చీలో బుద్ధిగా మాటలు రాసుకుంటున్నాడు. పన్నెండో అనుబంధం చివర, నూట నలభై మూడో పేరు తర్వాత, కట్టలో రెండు కాగితాలు పెరిగాయి. కళ్ళజోడు తీసిన ఫొటోలు తెల్లటి కాగితం మీద శుభ్రంగా ముద్రించినవి.

లీజలోటె స్టాంపు అందుకుని ఒకటో పేజీ నుంచి గుద్దడం మొదలుపెట్టింది.

“ఇన్ని గుద్దుతారు, చదవరా?” అన్నాడు కాస్పర్.

“చదవడం హేగెలె గారి పని. గుద్దడం నా పని,” అంది ఆమె. నూట ఎనభై ఏడో పేజీ దాకా తలెత్తలేదు.

* * *

శుక్రవారం పదింటికి లీజలోటె అందరి ఫోన్లూ ఒక బుట్టలో వేయించుకుని తలుపు మూసింది.

బల్లకి ఒక పక్క గాట్లోబ్ ఎబ్నర్ ఒక్కడే కూర్చున్నాడు. మోచేతుల దగ్గర అరిగిన కోటు, గోళ్ళ సందున యాభై ఏళ్ళ నూనె మరక. ఎదురుగా దుకాస్, ఇలోనా. దుకాస్ భుజం వెనక, చెవికి అందేంత దగ్గరలో కాస్పర్. బల్ల మధ్యలో నీళ్ళ సీసాలు, పళ్ళెం నిండా వెన్న రాసిన బ్రెజెల్లు.

“తీసుకోండి, మాస్టారూ,” అన్నాడు దుకాస్ ఫ్రెంచిలో, పళ్ళెం ఇటు జరుపుతూ. “రోజంతా వాగాలి కదా.”

“తర్వాత తింటాను,” అన్నాడు కాస్పర్.

నోటరీ హేగెలె వచ్చి కూర్చున్నాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. చదవడం మొదలుపెట్టాడు. హెచ్చుతగ్గులు లేని గొంతు. పెళ్ళి పత్రమైనా దివాలా పత్రమైనా ఆ గొంతుకి ఒకటే. కాస్పర్ ఒక్కో వాక్యం ఫ్రెంచిలోకి మార్చి దుకాస్ చెవిలో పోస్తున్నాడు. ఆ మెడ అతనికి జానెడు దూరంలో ఉంది. రాత్రుళ్ళు ఎన్నిసార్లు ఆ మెడని ఊహించుకున్నాడో లెక్కలేదు. సెంటు వాసన వస్తోంది. ఓర్చుకున్నాడు.

పద్నాలుగో షరతు దగ్గర హేగెలె ఆగాడు. “కొనుగోలుదారు వెనక మూడో మనిషి గాని, మరో ప్రభుత్వం గాని లేదని కొనుగోలుదారు హామీ ఇస్తున్నారు. అవునా?”

కాస్పర్ అనువదించేదాకా దుకాస్ ఓపిగ్గా ఆగి, “అవును,” అన్నాడు.

పన్నెండయింది. భోజనానికి ఆగారు. మళ్ళీ మొదలైంది. ఒకటిన్నర. రెండున్నర. తొమ్మిదో అనుబంధంలో హేగెలె మిషన్ల విడిభాగాలన్నీ వరసపెట్టి చదివాడు. ఇలోనా కళ్ళెత్తి కాస్పర్ వంక చూసి, ‘ఏం చెయ్యను, కుదర్లేదు’ అన్నట్టు పెదవి విరిచింది. బయట వ్యానులో ష్టోల్ మేడం ఆ జాబితా వింటూ ఎన్ని బూతులు తిట్టుకుని ఉంటుందో కాస్పర్ ఊహించగలడు.

మూడింటికి పన్నెండో అనుబంధం తిరగేశాడు హేగెలె.

“ఒక్క మనవి,” అంది ఇలోనా తియ్యగా. “ఇది ఉత్త పేర్ల జాబితా. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే జాబితాలు చదవకుండా వదిలేయవచ్చని చట్టంలో ఉంది. పేజీకో సంతకం పెడితే చాలు. ఎబ్నర్ గారు కూడా అలిసిపోయారు.”

“ఉంది,” అన్నాడు హేగెలె అయిష్టంగా. “ఏమంటారు, ఎబ్నర్ గారూ?”

చదవకుండా వదిలేస్తే చివరి రెండు కాగితాలూ ఎవరి చెవినా పడవు. ముసలాయన నడుం పట్టుకుని కదిలాడు. “చదివిద్దామనే అనుకున్నాగాని… అయిదు గంటలుగా కూర్చున్నా బాబూ. వెన్ను విరిగిపోతోంది. షరతు ఎలాగూ రాశారుగా. ఏదీ, పెన్నిలా ఇవ్వండి.”

పెన్ను అందుకున్నాడు. మొదటి పేజీ మీద వంగాడు.

దుకాస్ ఇలోనా వైపు ఒరిగి, ఫ్రెంచిలో, నవ్వుతూ అన్నాడు: “వీళ్ళ పేర్లతో మనకేం పని? క్రిస్మస్‌కల్లా అందర్నీ ఊడ్చి పారేస్తాంగా.”

అనువాదకుణ్ణి ఎవరూ మనిషి కింద జమకట్టరు. దుకాస్ కూడా కట్టలేదు. కాస్పర్ గొంతు సవరించుకుని, యోఖెన్ మాట్లాడే ఆ ఊరి యాసలోనే, గదంతా వినపడేలా చెప్పాడు: “కొనుగోలుదారు అంటున్నారు: వీళ్ళ పేర్లతో మనకేం పని, క్రిస్మస్‌కల్లా అందర్నీ ఊడ్చి పారేస్తాంగా.”

ముసలాయన పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

“అది… మా మధ్య సరదాగా అన్నమాట!” అంది ఇలోనా. ఆమె బుగ్గల్లో రంగు పోయింది. “అనువాదకుడు హద్దు మీరుతున్నాడు.”

“గదిలో పలికిన ప్రతి మాటా అనువదిస్తానని ప్రమాణం చేశానండీ,” అన్నాడు కాస్పర్.

“చేశాడు,” అన్నాడు హేగెలె.

ఎబ్నర్ పెన్ను మూత పెట్టాడు. దుకాస్ వంక చూస్తూనే చెప్పాడు: “చదవవయ్యా హేగెలే. ఒక్కో పేరూ, నిదానంగా. ఈ దొరగారు ప్రతి పేరూ వినాలి. ఆ తర్వాత నా సమాధానం నేను చెబుతా.”

అమ్మకం ఆగినట్టే. శాఖకి కావాల్సింది దొరికింది. ఇప్పుడు లేచి వెళ్ళిపోయినా కాస్పర్‌ని ఎవరూ ఏమీ అనరు. అతను కుర్చీ మరింత ముందుకి జరుపుకున్నాడు.

“ఒకటి. ఆల్ఫోన్స్ బాయెర్లె, టర్నరు, సర్వీసు నలభై ఒక్క ఏళ్ళు,” చదివాడు హేగెలె.

“వాడి వేలు నా మిషన్లోనే పోయింది,” అన్నాడు ఎబ్నర్.

“రెండు. సెవ్దా ఓజ్‌కాన్, క్వాలిటీ విభాగం, పంతొమ్మిదేళ్ళు.”

“ఆమె సరేనంటే తప్ప ఒక్క బేరింగు గేటు దాటదు.”

ఒక్కో పేరుకీ ముసలాయన ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. దుకాస్ గడియారం చూసుకున్నాడు. నూరు దాటాయి. నూట ఇరవై. కాస్పర్ ఒక్కో పేరూ అతని చెవిలో మెల్లగా, ముద్దగా, పసిపిల్లాడికి తినిపించినట్టు పెడుతున్నాడు.

“నూట నలభై మూడు. వాల్‌బుర్గా క్లెట్, క్యాంటీను వంట, ఆరేళ్ళు.”

“పులుసులో ఉప్పెక్కువ,” అన్నాడు ఎబ్నర్. ముసలి కళ్ళు చెమర్చాయి.

హేగెలె పేజీ తిప్పాడు. గొంతులో ఏ మార్పూ లేదు. “ట్రస్టు ఒప్పందం. సిల్వెస్టా క్యాపిటల్ వాటాలన్నీ మార్సెల్ దుకాస్ అనే పేరుతో వ్యవహరిస్తున్న వ్యక్తి తన సొంతానికి కాక…”

కాస్పర్ నోరు తెరవలేదు. ఒక్క ముక్క అనువదించలేదు.

దుకాస్ కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. “ఆపండి!” అని అరిచాడు, చక్కటి జర్మన్‌లో. “ఈ కాగితం ఇక్కడికెలా వచ్చింది?”

హేగెలె కళ్ళజోడు పైనుంచి చూశాడు. “మీకు జర్మన్ రాదన్నారు. అనువాదం ఇంకా కాలేదు కూడా.”

దుకాస్‌కి ఆ మాట ఎక్కలేదు. అతను చూస్తున్నది ఇలోనాని. ఒళ్ళు తెలియని కోపంలో మళ్ళీ ఫ్రెంచిలోకి జారిపోయాడు. “నువ్వు! ఇది నీ దగ్గర తప్ప ఎక్కడా లేదు. నన్ను అమ్మేశావా? ఆ రోజు స్టేషన్లో వాణ్ణి వేలు పెట్టి చూపించి, తోసెయ్, రైలొస్తోంది అన్నది నువ్వు కాదూ? తోసింది నేను కాదూ? ఇప్పుడు నన్నే తోస్తావా?”

కాస్పర్ లేచి నిలబడ్డాడు. మూడేళ్ళ కిందట ఒక ప్లాట్‌ఫాం మీద ఎవరూ అనువదించని మాటలివి. ఒక్కో మాటా, తడబడకుండా, మొదటినుంచి చివరిదాకా జర్మన్‌లో చెప్పాడు. “తోసింది నేను కాదూ?” అన్నచోట మాత్రం ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

జేబులో పెన్ను అంతా వింటోంది.

“చివరిగా,” అన్నాడు, “నా సొంత మాట ఒకటి. నాకు గ్యాసు లేని నీళ్ళు కావాలి.”

ఇలోనాకి ముందు అర్థమైంది. ఎర్ర గ్లవ్ బ్యాగులోకి వెళ్ళి లిప్‌స్టిక్ అంత పిస్తోలుతో బయటికొచ్చింది. గురి కాస్పర్ గుండె మీద. అతను బల్ల మీదికి దూకి ఆ మణికట్టు పట్టి పక్కకి విరిచాడు. పేలింది. నీళ్ళ సీసా ముక్కలైంది. బ్యాగు నేల మీద బోర్లాపడి, చిరిగిన లోపలి గుడ్డలోంచి రెండు కాగితాలు జారాయి. ట్రస్టు ఒప్పందం, అసలు ప్రతి.

దుకాస్ బల్ల మీది కట్ట లాక్కోబోయాడు. హేగెలె తన అరచెయ్యి దాని మీద పెట్టి, “మా ఆఫీసు కాగితం,” అన్నాడు. అంతలో తలుపు తెరుచుకుంది. ముందు, తలుపవతల నుంచి విన్న లీజలోటె, చేతిలో సీసా. “గ్యాసు లేనివి ఎవరికండీ, జబ్బు చేసిందా?” వెనక పోలీసులు, వాళ్ళ వెనక ష్టోల్ మేడం.

రెండు నిమిషాల్లో ఇద్దరికీ బేడీలు పడ్డాయి. ఇన్‌స్పెక్టరు వాళ్ళని తలుపు వైపు నడిపించబోయాడు.

“ఎక్కడికి?” అన్నాడు హేగెలె. “అందరూ కూర్చోండి. ఇంకా మూడు లైన్లున్నాయి.”

ఇన్‌స్పెక్టరు ష్టోల్ మేడం వంక చూశాడు. ఆమె నిట్టూర్చి ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. పోలీసులు కూర్చున్నారు. బేడీలతో దుకాస్, ఇలోనా కూర్చున్నారు. హేగెలె అదే గొంతుతో చదివాడు: ఒప్పందం జరిగిన ఊరు, దుకాస్ అసలు పేరు, సాక్షిగా ఇలోనా సెల్మెర్ సంతకం. కట్ట మూసి, “ఈ పత్రాన్ని నేను ధ్రువీకరించను,” అన్నాడు.

“నా సమాధానం కూడా అదే,” అన్నాడు ఎబ్నర్. “సోమవారం మళ్ళీ వస్తా. కంపెనీని ఒక ఫౌండేషన్ కింద పెట్టేస్తా, ఎవడూ కొనడానికుండదు. ఆ పేర్లు మాత్రం మళ్ళీ చదవాలి.”

“మొదటి పేజీ నుంచి,” అన్నాడు హేగెలె. ఆ రోజు ఆయన సంతోషంగా కనిపించడం అదొక్కసారే.

గుమ్మం దగ్గర దుకాస్ వెనక్కి తిరిగాడు. పెళ్ళి పందిరి నవ్వు ఎటో పోయింది. “ఎవడ్రా నువ్వు?” అన్నాడు.

కాస్పర్ ఎప్పటిలా చెవి దగ్గరికి వంగి, ఫ్రెంచిలో, మెల్లగా చెప్పాడు. “ఆ రోజు రాలేకపోయిన అనువాదకుణ్ణి. మీ ముందు నిలబడ్డ మనిషికి అర్థం కాలేదుగా, ఆయన తరఫున ఇవాళ విన్నాను.”

దుకాస్ మొహం బూడిదయింది. ఇలోనా తల ఎత్తలేదు. వాళ్ళని తీసుకెళ్ళిపోయారు.

గది ఖాళీ అయ్యాక ష్టోల్ మేడం గాజుముక్కల మధ్య నడిచి అతని ఎదురుగా నిలబడింది. “సాక్ష్యం పట్రా అన్నాను, తెచ్చావు. కానీ వేలితో కూడా తాకొద్దన్నాను.”

“తాకలేదు మేడం.” కాస్పర్ పళ్ళెంలోంచి ఒక బ్రెజెల్ తీసుకుని, రెండుగా విరిచి, ఒక సగం పక్కన పెట్టి, మూడేళ్ళ తర్వాత మొదటి ముక్క కొరికాడు. “ఆయన చెప్పింది చెప్పినట్టు అనువదించాను. గంట లెక్కన నా ఫీజు మాత్రం శాఖే ఇవ్వాలి.”